అమ్మమ్మ లేని పుస్తకం

"ఎవరు చదువుతారే ఇదంతా?"

మా వీణ టీచరుగారు ఈ మాట అన్నప్పుడు మారేడుపల్లిలో వాళ్ళింటి వరండాలో కూచుని ఉన్నాం. ఇద్దరి మధ్యా చాప మీద పదకొండు నోటుపుస్తకాలు. కొన్ని స్కూలు పిల్లల లాంగ్ నోట్సులు, కొన్ని ఎవరో కొత్త సంవత్సరానికిచ్చిన డైరీలు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ రాసుకుంటున్నవి. చిన్నప్పుడు ఆవిడ దగ్గర ఐదేళ్ళు వీణ నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరు చెప్పి మానేసినదాన్ని నేను. ఆ పుస్తకాల్లో ఒకదాంట్లో నా పేరు కూడా ఉంది, మానేసిన పిల్లల జాబితాలో. పేరు పక్కన కారణం రాశారు: "పరీక్షలు అంది. నిజం కాదు."

నిజంగానే నిజం కాదు. వేళ్ళ చివర్లు కోసుకుపోయి నొప్పి పుట్టడం, ఎంత వాయించినా ఇంట్లో ఎవరూ వినకపోవడం... ఈ రెండే అసలు కారణాలు. పాతికేళ్ళ కిందట నేను చెప్పని సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి రాసి పెట్టుకున్నారు.

ఆ నోటుపుస్తకాల్లో సంగీతశాస్త్రం లేదు. వేసవిలో మెట్ల కింద మైనం మెత్తబడితే శ్రుతి ఎలా జారుతుందో ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి ఒకే పనసదుంగతో చేసిన వీణ తెప్పించుకోవడానికి ఎన్నేళ్ళు చీటీ కట్టారో ఉంది. తొమ్మిదో తరగతి దాటగానే ఆడపిల్లలు ఎందుకు మానేస్తారో పేరుపేరునా ఉంది: ట్యూషన్లు, ఇల్లు మారడం, పెళ్ళి కుదరడం, "మొగుడికి చప్పుడు పడదట". ఒక గమకం గురించి మూడు పేజీలున్నాయి. అది చేతికి రావడానికి తనకి ఇరవైరెండేళ్ళు పట్టిందని, వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ లేరని, పాలు పొంగిపోయాయని రాశారు.

నేను సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదాన్ని. ఇలాంటి రాత చేతికొస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు అనుకున్నాను. "చదివేవాళ్ళని నేను వెతికిపెడతా టీచరుగారూ" అన్నాను. అదొక సాయం అనుకున్నానే గాని, మంచీ చెడూ తేల్చుకోవాల్సిన పని అవుతుందని అప్పుడు తోచలేదు.

ముందసలు అడగటం గురించి మాట్లాడుకోవాలి. కచేరీకి రమ్మని పిలవడం మనకి తప్పుగా అనిపించదు. కార్డు వేస్తారు, సభవాళ్ళు పంచుతారు, వచ్చినవాళ్ళు కూచుంటారు. కానీ "నేను రాశాను, చదవండి" అనడానికి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, గొంతు పెగలదు. ఏదో నాకు తోచింది రాశాను, తప్పులుంటే క్షమించండి, తీరిక ఉంటేనే చూడండి అంటూ నాలుగు క్షమాపణలు చెప్పుకున్నాక గాని పుస్తకం చేతికివ్వం. ఇంటికొచ్చిన చుట్టాలు "పాట పాడమ్మా" అంటే పాడటం పెంపకంలో భాగం. ఎవరూ అడక్కుండా "వినండి" అనడం పొగరు. ఆ పొగరు మగవాడికైతే ఆత్మవిశ్వాసం అవుతుంది, శాలువా కూడా కప్పుతారు.

టీచరుగారు దీన్ని ఇంకోలా చెప్పారు. "పాట వినేవాడు మధ్యలో లేచిపోతే కనపడతాడే. అప్పుడు నేను రాగం తగ్గించుకుంటాను. చదివేవాడు లేచిపోతే నాకెలా తెలుస్తుంది?" సంగీతం వచ్చినవాళ్ళు రాతలోకి వచ్చినప్పుడు పడే ఇబ్బంది ఇదే అనిపిస్తుంది నాకు. ఎదురుగా తల ఊపే మనిషి ఉండడు. ఏ మాట దగ్గర విసుగొచ్చిందో, ఏ మాట దగ్గర కళ్ళు తడిశాయో తెలీదు. అందుకే చదివేవాళ్ళని కూడగట్టే పని ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వస్తుంది. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

భానుమతీ రామకృష్ణ లాంటి వాళ్ళకి ఈ సమస్య లేదు. ఆవిడ గొంతు అప్పటికే ప్రతి ఇంట్లోనూ ఉంది. 'అత్తగారి కథలు' చదివినా, తర్వాత 'నాలో నేను' చదివినా, ఆ గొంతు వెంటే పాఠకులు నడిచొచ్చారు. పేరున్న కళాకారులకి పాఠకులు తయారుగా ఉంటారు. పేరు లేని వీణ టీచరుకి ఒక్కొక్క మనిషినే తెచ్చి కూచోబెట్టాలి. తెచ్చేవాళ్ళు ఏం చెప్పి తెస్తారు, ఏం దాచి తెస్తారు అన్నది నా ప్రశ్న.

నాకంటే వందేళ్ళ ముందు ఈ పని చేసిన ఒక సంగీతకారిణి ఉంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఆవిడ మీదే. బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలో దేవదాసి కుటుంబంలో పుట్టింది. మద్రాసులో గాయనిగా స్థిరపడింది. కన్నడం, తెలుగు, తమిళం, సంస్కృతం వచ్చిన మనిషి. ఒక వ్యాఖ్యానం చదువుతుండగా 'రాధికాసాంత్వనము' ప్రస్తావన కనపడింది. తంజావూరు నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజుల్లో ప్రతాపసింహుడి ఆస్థానంలో, అంటే పద్ధెనిమిదో శతాబ్దం నడిమిన, ముద్దుపళని రాసిన శృంగార ప్రబంధం అది. వెతగ్గా వెతగ్గా 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరించిన అచ్చుప్రతి దొరికింది. తర్వాత రాతప్రతి కూడా సంపాదించి రెండూ పోల్చి చూసుకుంది. అచ్చులో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక కూడా లేదు. ఆ పీఠికలో ముద్దుపళని తన వంశాన్ని ఆడవాళ్ళ వైపు నుంచి చెప్పుకుంటుంది, తంజనాయకిని తలచుకుంటుంది. పరిష్కర్త పద్యాలు తీసేసి ఊరుకోలేదు, ఆ పద్యాలు రాసిన మనిషి ఎవరి మనవరాలో కూడా తీసేశాడు.

నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని సిద్ధం చేసి 1910లో మద్రాసు వావిళ్ళ వారి చేత అచ్చువేయించింది. తానే పీఠిక రాసింది. ఆ పీఠికలో ఆవిడ చేసిన పని సామాన్యమైంది కాదు. కందుకూరి వీరేశలింగం 'ఆంధ్రకవుల చరిత్రము'లో ముద్దుపళనిని తీసిపారేశాడు. ఆవిడ పుట్టుకని ఎత్తిచూపి, స్త్రీకి సహజమైన సిగ్గు లేదని రాశాడు. ఆడవాళ్ళ చదువు కోసం అంత కష్టపడినవాడే ఆ మాట రాశాడు. నాగరత్నమ్మ నేరుగా ఆయన్నే అడిగింది. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని. ఆయన స్వయంగా చూసి అచ్చుకి ఒప్పుకున్న 'వైజయంతీ విలాసం'లో ఉన్నవాటికంటే ఇవి పచ్చిగా ఉన్నాయా అని. ఒక పాటకత్తె, అందులోనూ దేవదాసి, ఆనాటి తెలుగు సంస్కరణకి పెద్దదిక్కు లాంటివాడిని అచ్చులో నిలదీసింది.

ఫలితం మనకి తెలిసిందే. గోల మొదలైంది. రెండేళ్ళు తిరక్కుండానే పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా వచ్చాక, స్వాతంత్య్రానికి కొంచెం ముందు, గాని ఆ నిషేధం పోలేదు. వావిళ్ళ వారు దాన్ని మళ్ళీ అచ్చువేసింది 1952లో. నాగరత్నమ్మ చనిపోయిందీ ఆ సంవత్సరమే. మళ్ళీ నలభై ఏళ్ళకి, 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం ఈ కథని లోకం ముందు పెట్టాక, ముద్దుపళనితో పాటు నాగరత్నమ్మని కూడా మా తరం చదివింది.

నా థీసిస్‌లో వెంకటనరసుని బాగా ఉతికి ఆరేశాను. "పాఠకుల మర్యాద పేరుతో పాఠాన్ని ఖండించడం పితృస్వామ్య సంపాదకత్వం" అని రాసుకున్నాను. వైవాలో ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు నేనేం చేశానో చెప్తాను.

టీచరుగారి పదకొండు నోటుపుస్తకాల్లోంచి డెబ్భై పేజీల పుస్తకం తీద్దామని అనుకున్నాం. 2018 వేసవిలో నేనే టైపు చేశాను. చిలకలగూడలో డీటీపీ చేసే అబ్బాయి పేజీలు కట్టాడు. మూడు వందల కాపీలు, అరవై రూపాయల వెల. ఎవరెవరికి ఇవ్వాలో జాబితా రాశాను: ఆవిడ దగ్గర నేర్చుకున్న పాత విద్యార్థులు, ఇప్పటి పిల్లల తల్లులు, పద్మారావునగర్‌లో సాయంత్రాలు పార్కు దగ్గర కలిసే రిటైరైన వాళ్ళు, నాకు తెలిసిన రచయిత్రులు, సంగీతం మీద రాసే ఇద్దరు ముగ్గురు. ఈ జాబితా తయారవుతున్నకొద్దీ వాళ్ళంతా నా భుజం మీంచి తొంగిచూస్తున్నట్టు ఉండేది. టైపు చేస్తూ ఏ పేజీకా పేజీ, దీనికి ఫలానావాళ్ళు ఏమంటారు అనుకునేదాన్ని.

రెండో నోటుపుస్తకంలో ఆరు పేజీలు ఆవిడ అమ్మమ్మ గురించి ఉన్నాయి. గోదావరి జిల్లాలో కలావంతుల ఇంట పుట్టిన మనిషి. మేజువాణీల్లో పదాలూ జావళీలూ పాడి అభినయం చేసేది, వీణ వాయించేది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థని రద్దు చేస్తూ చట్టం వచ్చే నాటికే పిలుపులు తగ్గిపోయాయి. పాత చీరలో చుట్టి అటక మీద పెట్టిన వీణని, మనవరాలు అడిగితే దించి, తలుపులు వేసి నేర్పింది. టీచరుగారి నాన్న రైల్వే ఉద్యోగి. 1966లో దక్షిణమధ్య రైల్వే ఏర్పడ్డాక సికింద్రాబాదుకి మారారు. "అమ్మ ఈ ఊరికి వీణని తెచ్చింది, అమ్మమ్మ పేరుని మాత్రం తేలేదు" అని రాశారు టీచరుగారు. మారేడుపల్లిలో అందరూ ఆవిడ్ని ఏ కులమనుకున్నారో అనుకోనిచ్చారు.

ఆ ఆరు పేజీలు నేను తీసేశాను.

తీసేసేటప్పుడు నా దగ్గర కారణాలు లేకపోలేదు. ఇది వీణ గురించిన పుస్తకం కదా, ఇవి పక్కదారి పట్టిస్తాయి అనుకున్నాను. ఇవి ఉంటే జనం ఇవే చదువుతారు, గమకం గురించిన మూడు పేజీలు ఎవరూ చూడరు అనుకున్నాను. క్లాసుకి వచ్చే పిల్లల తల్లులు ఏమనుకుంటారో అనుకున్నాను. ఆవిడ మేలుకోరే ఇదంతా అనుకున్నాను. ముందు చదివేవాళ్ళని సంపాదిద్దాం, తర్వాత రెండో పుస్తకంలో పెడదాం అనుకున్నాను. అన్నీ మర్యాదగల కారణాలే.

ఒక్క పనే చెయ్యలేదు. ఆవిడ్ని అడగలేదు.

పుస్తకాలు ఆటోలో తెచ్చి వరండాలో దింపిన రోజు ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ వేలితో చూసుకుంటూ వెళ్ళారు. కాఫీ చల్లారిపోయింది. చివరి దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు.

"అమ్మమ్మ ఏదే?"

నేను చెప్పుకొచ్చాను. ఆవిడ విన్నారు. కోప్పడలేదు. "బాగుంది, అచ్చు బాగుంది" అని పుస్తకం మూసి, "పిల్లలొచ్చే వేళయింది" అంటూ లేచారు. ఆ సాయంత్రం రేతిఫైల్ బస్టాండు దాకా నడుచుకుంటూ వచ్చాను. వెంకటనరసు మీద నేను రాసిన వాక్యం దారంతా నా వెంటే వచ్చింది.

ఆ తర్వాత నన్ను నేను సమర్థించుకునే ప్రయత్నం నిజాయితీగా చేశాను. నాది వెంకటనరసు చేసిన పనీ ఒకటేనా? ఆయన చనిపోయిన కవయిత్రి పాఠాన్ని కోశాడు. నేను బతికున్న మనిషికి మేలు చేద్దామనుకున్నాను. ఆయనకి అశ్లీలం అనే భయం. నాకు ఆవిడ క్షేమం. కానీ ఇంకాస్త లోపలికి వెళ్ళి చూస్తే, తనూ పుస్తకానికి పాఠకులు దక్కాలనే కోశానని ఆయన అనగలడు. ఏమీ లేకపోవడం కంటే కొంతైనా అచ్చులో ఉండటం మేలు కదా అనగలడు. వీరేశలింగం కూడా తను ఆడవాళ్ళ మేలే కోరానంటాడు. ఎవరి మేలు కోరి ఎవర్ని తీసేస్తున్నామో చూసుకుంటే, మేలు కోరేవాళ్ళందరూ ఒకే వరసలో నిలబడతాం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా ఇంట్లో 'భోగం' అన్న మాట తిట్టు. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడితే మా నాయనమ్మ ఆ మాటే అనేది. నేను చదువుకున్నాను, థీసిస్ రాశాను, సభల్లో 'కలావంతుల కళావారసత్వం' అని మాట్లాడాను. కానీ నా టీచరు, నాకు సరిగమలు నేర్పిన మనిషి, ఆ ఇంటి ఆడపడుచు అని చదవగానే నా వేలు డిలీట్ మీదకి వెళ్ళింది. పిల్లల తల్లులు ఏమనుకుంటారో అన్న భయం నాదే. ఆ తల్లుల్లో నేనూ ఒకదాన్ని. పాఠకుల పేరు చెప్పి మనం దాచేది చాలాసార్లు మన సిగ్గునే.

వారం తర్వాత వెళ్ళి క్షమించమని అడిగాను. ఆ పేజీలతో మళ్ళీ అచ్చువేద్దామన్నాను. ఆవిడ వెంటనే సరే అనలేదు. "ఉండు, మా తమ్ముణ్ణి అడగాలి" అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది. నేను తీసేసినప్పుడు అన్యాయం అయింది కదా, మరి ఇప్పుడు తమ్ముడి అనుమతి ఎందుకు? ఆవిడ చెప్పింది విన్నాక గాని నాకు అర్థం కాలేదు. ఆ అమ్మమ్మ ఆవిడ ఒక్కదానిదే కాదు. తమ్ముడికి పెళ్ళి కావాల్సిన మనవరాలుంది. అమ్మ బతికున్నన్నాళ్ళూ దాచింది, ఆ దాచడంలో అమ్మ పడిన కష్టం కూడా ఉంది. "అమ్మమ్మని అడగలేను, అమ్మని అడగలేను, వీణ్ణయినా అడుగుతా" అన్నారు.

ఇక్కడ నా పాత సిద్ధాంతం కాస్త చిరిగింది. ఏదీ దాచకూడదు, అంతా అచ్చువెయ్యాలి అన్నది సంపాదకులకి తేలికైన నీతి. దాచుకునే హక్కు కూడా మనుషులకి ఉంటుంది. కలావంతుల కుటుంబాల్లో ఎంతోమంది పేరూ ఊరూ మార్చుకుని మౌనంగా బతుకుతున్నారంటే, అది వాళ్ళ బిడ్డల కోసం వాళ్ళు కట్టుకున్న గోడ. పరిశోధన పేరుతో, చరిత్ర పేరుతో మనం ఆ గోడ తోసెయ్యడం కూడా అన్యాయమే. ముద్దుపళని విషయంలో ఆ చిక్కు లేదు, తన వంశం తానే పద్యాల్లో చెప్పుకుంది. టీచరుగారి అమ్మమ్మ చెప్పుకోలేదు. కాబట్టి ప్రశ్న దాచడమా, చెప్పడమా అన్నది కాదు. ఆ రెంటిలో ఏది చెయ్యాలో తేల్చేది ఎవరన్నది. చదివేవాళ్ళని తెచ్చే మనిషికి ఆ అధికారం లేదు. దండోరా వేసేవాడు కచేరీలో ఏ కీర్తన పాడాలో చెప్పలేడు.

తమ్ముడు రెండు నెలలు మాట్లాడలేదు. చివరికి ఊరి పేరు, ఇంటిపేరు తీసెయ్యమన్నాడు. టీచరుగారు ఒప్పుకున్నారు. అమ్మమ్మ పేరు మాత్రం ఉంచారు. నాలుగు వాక్యాలు తానే కొట్టేశారు, రెండు కొత్తగా రాశారు. అదీ కోతే. కానీ అది ఆవిడ చేత్తో, తెలిసి, ఆ కథలో భాగమున్నవాళ్ళతో మాట్లాడి చేసిన కోత.

రెండో అచ్చు మొదటిదానికంటే తొందరగా అయిపోయింది. నేను గెలిచాననుకునే లోపే ఫోన్లు మొదలయ్యాయి. పుస్తకం చివర ఆవిడ నంబరు వేశాం మరి. ఒకాయన "మీ అమ్మమ్మగారు ఎవరి దగ్గర ఉండేవారండీ?" అని అడిగాడట. ఇంకొకాయన మేజువాణీల గురించి "ఇంకా విశేషాలు" ఉంటే చెప్పమన్నాడు. ఒకావిడ డాక్యుమెంటరీ తీస్తానని వచ్చి, గజ్జెలున్నాయా, పాత ఫోటోలున్నాయా అని అటక వైపు చూసి, వీణ వాయించమని మాత్రం అడక్కుండా వెళ్ళిపోయింది. గమకం గురించిన మూడు పేజీల మాట ఎవరూ ఎత్తలేదు. క్లాసుకి ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. టీచరుగారు వాళ్ళ పేర్లు జాబితాలో రాసి, పక్కన "కారణం చెప్పలేదు" అని రాశారు.

అంటే నేను మొదట భయపడిందే జరిగింది. "తీసేస్తేనే నయమేమో టీచరుగారూ" అన్నాను, సగం పశ్చాత్తాపంతో, సగం నా మాటే నిజమైందన్న మొండితనంతో. ఆవిడ తంత్రి బిగిస్తూ, "ఈ ఇద్దరు పిల్లలు ఎందుకు మానేశారో నాకు తెలుసు. నువ్వు తీసేసిన పుస్తకం ఎందుకు మెచ్చుకున్నారో నాకెప్పటికీ తెలిసేది కాదు" అన్నారు.

ఆ మాటని చాలా రోజులు తిప్పి తిప్పి చూశాను. అమ్మమ్మ లేని పుస్తకానికి వచ్చిన మెప్పు ఎవరికి చెందుతుంది? మారేడుపల్లిలో ఒక మర్యాదస్తురాలైన వీణ టీచరుకి. అలాంటి మనిషి నిజానికి లేదు. లేని మనిషికి పాఠకుల్ని పోగుచేశాను నేను. ఎంతమంది చేరితే ఆ లేని మనిషి అంత బలపడేది, ఉన్న మనిషి అంత వెనక్కి పోయేది. పాఠకుల సంఖ్య అంత అమాయకమైన లెక్క కాదు.

సరే, తప్పుడు కుతూహలంతో వచ్చిన పాఠకుల సంగతేమిటి? ఇక్కడ మళ్ళీ నాగరత్నమ్మ దగ్గరికే వెళ్ళాను. 'రాధికాసాంత్వనము'ని అప్పుడైనా ఇప్పుడైనా పచ్చి శృంగారం కోసమే తెరిచినవాళ్ళు ఉండరా? పోలీసులు పట్టుకెళ్ళాక అలాంటివాళ్ళు ఇంకా పెరిగే ఉంటారు. ఆ సంగతి ఆవిడకి తెలీదనుకోను. జీవితమంతా మగవాళ్ళ సభల్లో పాడిన మనిషి, ఎవరు పాట వినడానికి వచ్చారో, ఎవరు తనని చూడటానికి వచ్చారో ఆవిడకి తెలియకుండా ఉంటుందా? అయినా పద్యం తగ్గించలేదు. పాఠకుల్ని ఏరుకోవడం తన చేతిలో లేదు. పాఠం పూర్తిగా ఇవ్వడం, తను దాన్నెలా చదివిందో పీఠికలో చెప్పడం, ఈ రెండూ తన చేతిలో ఉన్నాయి. ఆ రెండూ చేసింది. ఇది ఒక ఆడది రాసింది, మా వాళ్ళలో ఒకతె రాసింది, ఎన్నిసార్లు చదివినా నాకు మళ్ళీ చదవాలనిపించింది అని చెప్పుకుంది. పాఠకుల్ని కూడగట్టడం అంటే నాకిప్పుడు ఇదే అనిపిస్తోంది. ముందు నువ్వు చదివి, చదివానని నలుగురిలో నీ పేరుతో చెప్పడం. దానివల్ల వచ్చే నింద నువ్వూ పంచుకోవడం.

ఆవిడ తర్వాతి జీవితం కూడా ఈ మాటే చెప్తుంది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే, నగలూ ఆస్తీ అమ్మి 1920లలో అక్కడ మందిరం కట్టించింది. అక్కడ ఆరాధన చేసే పెద్దమనుషులు ఆడవాళ్ళని పాడనివ్వలేదు. తను కట్టించిన చోటే తనకి పాట లేదు. ఆడవాళ్ళని కూడగట్టి వేరే ఆరాధన జరిపించింది. 1940ల మొదట్లో అందరూ కలిసి ఒకే ఆరాధనగా చెయ్యడం మొదలైంది. విననివాళ్ళ కోసం గొంతు మార్చుకోలేదు, వినేచోటు కట్టుకుంది. అలాగని ఆవిడ్ని మచ్చలేని వీరవనితని చెయ్యడం నా ఉద్దేశం కాదు. దేవదాసీ రద్దు బిల్లుని ఆవిడా, ఆవిడ తోటివారూ వ్యతిరేకించారు. ఆ వ్యవస్థలో నలిగిన ఆడపిల్లల వైపు నుంచి చూస్తే ఆ వాదనతో నేను పేచీ పడతాను. కానీ ఆ పేచీ పడాలన్నా, ముందు ఆవిడ మాట ఆవిడ మాటగా నా దాకా రావాలి కదా. ఎవరో మేలుకోరి ఆ భాగం తీసేసి ఉంటే పేచీకి కూడా మనిషి దొరకదు.

మూడో అచ్చుకి నన్ను పీఠిక రాయమన్నారు టీచరుగారు. రాశాను. అందులో మొదటి అచ్చులో ఏం తీసేశానో, ఎందుకు తీసేశానో, మా నాయనమ్మ తిట్టుతో సహా రాశాను. ఫోను నంబరు తీసేసి, ఆదివారం పొద్దున పదింటికి వరండాలో పుస్తకం చదువుకుంటామని వేశాం. ఇంట్లో చూపించాను. "మన ఇంటి సంగతులు బజార్లో పెట్టాలా?" అంది మా అమ్మ. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆవిడకీ ఉంది. రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. నేను అడిగాను, అదొక్కటే ఈసారి తేడా.

మొన్న ఆదివారం పదకొండు మంది వచ్చారు. సికింద్రాబాదు భక్త రామదాసు సంగీత కళాశాలలో చదువుకునే ఒకమ్మాయి, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన, మోండా మార్కెట్ నుంచి కూరల సంచితోనే నేరుగా వచ్చిన ఇద్దరు తల్లులు. మానేసిన పిల్లల్లో ఒకరి అక్క కూడా వచ్చి గుమ్మం దగ్గరే కూచుంది. టీచరుగారు గమకం గురించిన పేజీలు చదివారు. పాలు పొంగిపోయిన చోట ఆగి, కళ్ళద్దాలు తీసి, ఎవరు వింటున్నారో, ఎవరు లేరో ఒకసారి చూసుకున్నారు.

గుమ్మం దగ్గర కూచున్న అమ్మాయి, "అప్పుడు మీ అమ్మమ్మగారు ఉండి ఉంటే ఏమనేవారు టీచర్?" అని అడిగింది.

"ముందు స్టవ్ ఆపవే అనేది" అన్నారు టీచరుగారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వీణ దగ్గరికి జరిగారు.